పిల్లల చేతిలో సెల్లు: అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో మాది సెల్ రిపేరు షాపు. డిస్‌ప్లే మార్పించుకోవడానికో, చార్జింగ్ పిన్ను వేయించుకోవడానికో వచ్చినవాళ్లు పని అయ్యేదాకా స్టూలు మీద కూర్చుంటారు. కాసేపటికి ఆ మాట రానే వస్తుంది. "తమ్మీ, మా పోరడు రాత్రి పన్నెండు దాకా దీంట్లనే ఉంటడు, దీనికేదన్నా తాళం పెట్టరాదూ?" కౌంటర్ దగ్గర రెండు ముక్కల్లో చెప్పి పంపిన జవాబులనే ఇక్కడ కాస్త తీరిగ్గా రాశాను. నేను పోలీసునూ కాదు, వకీలునూ కాదు. ఇద్దరు పిల్లల తండ్రిని.

ఒక్క యాప్ వేస్తే అన్నీ ఆగిపోతాయా?

ఆగవు. కానీ పనికొచ్చే యాప్ ఒకటుంది, డబ్బులేమీ అడగదు. గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్. మీ ఫోన్లో వేసుకుని, పిల్లల జీమెయిల్‌ను దానికి కలపాలి. రోజుకు ఎన్ని గంటలు, రాత్రి ఎన్నింటికి ఫోను మూతపడాలి, ఏ యాప్‌కు ఎంతసేపు, ఇవన్నీ మీరే పెట్టొచ్చు. ప్లే స్టోర్ నుంచి కొత్త యాప్ వేయాలంటే ముందు మీ ఫోనుకు అనుమతి అడుగుతూ మెసేజ్ వస్తుంది, మీరు సరేనంటేనే దిగుతుంది. ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్ అని సెట్టింగుల్లోనే ఉంటుంది.

అసలు చిక్కు ఎక్కడో చెప్తాను. "పిల్లల జీమెయిల్" అనగానే సగం మంది నా మొహం చూస్తారు. ఎందుకంటే పిల్లాడి ఫోన్లో ఉన్నది నాన్న జీమెయిలే. షాపులో ఫోను కొన్నరోజు తొందరలో అదే కొట్టేసి ఉంటారు. దాంతో ఏమవుతుందంటే, ఆ ఫోను పట్టుకున్నది పదేళ్ల పిల్లాడని యూట్యూబ్‌కు తెలియదు. నలభై రెండేళ్ల మనిషి చూస్తున్నాడనుకుని ఆ వయసుకు తగ్గవి చూపిస్తుంది. నాన్న దిగిన ఫోటోలు పిల్లాడి ఫోన్లో కనిపిస్తాయి, పిల్లాడు వెతికినవి నాన్న ఫోన్లో ప్రత్యక్షమవుతాయి. ప్లే స్టోర్‌లో నాన్న కార్డు ఉంటే అదీ అందులోనే. కాబట్టి వేరే ఏం చేసినా చేయకపోయినా, పిల్లల అసలు పుట్టిన తేదీతో వాళ్లకో జీమెయిల్ తెరవండి. పదిహేను నిమిషాల పని.

ఫ్యామిలీ లింక్ చేయలేనివి కూడా తెలిసి ఉండాలి. వాట్సాప్‌లో ఎవరు ఏం రాశారో అది చూపించదు. పక్కింటి పిల్లాడి ఫోన్లో మీవాడు ఏం చూస్తున్నాడో దానికి తెలిసే మార్గమే లేదు.

ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, నాదే. వాళ్లకు ఇవ్వక తప్పదు. ఏం చేయాలి?

సెట్టింగుల్లో సెక్యూరిటీ కింద "యాప్ పిన్నింగ్" అనో "స్క్రీన్ పిన్నింగ్" అనో ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, బయటికి రావాలంటే పిన్ అడిగేలా పెట్టి, యూట్యూబ్‌నో హోంవర్క్ యాప్‌నో పిన్ చేసి ఇవ్వండి. మీ నంబర్ కొడితే తప్ప అందులోంచి బయటికి రాలేరు. కొన్ని ఫోన్లలో రెండో యూజర్, సెకండ్ స్పేస్ లాంటివి ఉంటాయి, అవి ఇంకా మేలు.

ఫోను లాక్‌కూ యూపీఐకీ ఒకే పిన్ పెట్టుకోకండి. కిరాణా షాపులో మీరు పిన్ కొడుతుంటే పక్కన నిలబడ్డ పిల్లలు చూడరనుకుంటున్నారా? నాలుగేళ్ల పిల్లకు కూడా వేలు ఎటు పోతోందో గుర్తుంటుంది.

రెండేళ్ల పాప వీడియో పెడితేనే అన్నం తింటది. తప్పా?

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ఇది: రెండేళ్లు నిండే వరకు స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దు. మా ఇంట్లో ఆ లెక్క నిలబడలేదని ఒప్పుకుంటాను. పెట్టక తప్పదనుకుంటే కనీసం యూట్యూబ్ కిడ్స్ పెట్టండి, ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లే ఆపండి, ఫోను వంటగదిలో మీకు వినపడే చోట ఉంచండి. కార్టూన్ బొమ్మలతో మొదలై రెండు నిమిషాల తర్వాత దరిద్రపు బూతు మాటల్లోకి పోయే వీడియోలు తెలుగులోనూ ఉన్నాయి. చెవికి తెలిసిపోతుంది.

ఆరో తరగతి పిల్ల ఇన్‌స్టా కావాలంటోంది. ఎన్నేళ్లకు ఇవ్వొచ్చు?

ఇన్‌స్టాగ్రామ్ పెట్టిన నిబంధన ప్రకారం 13 ఏళ్లు నిండాలి. వాట్సాప్‌కు కూడా అంతే. ఆరో తరగతి పిల్లకు పదకొండు, పన్నెండు ఉంటాయి కాబట్టి ఇంకా టైమ్ ఉందని చెప్పండి.

పదమూడు దాటాక ఇచ్చినా, పుట్టిన సంవత్సరం అబద్ధం చెప్పనివ్వకండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. 18 లోపు వాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ "టీన్ అకౌంట్" అని వేరే రకం ఖాతా ఇస్తుంది. 2025 నుంచి మన దేశంలోనూ ఉంది. అందులో ఖాతా ముందే ప్రైవేట్‌గా ఉంటుంది, సంబంధం లేనివాళ్లు మెసేజ్ పెట్టలేరు. 16 లోపు పిల్లలైతే ఆ కట్టుబాట్లు సడలించడానికి అమ్మో నాన్నో ఒప్పుకోవాలి. కానీ పిల్లలు మొదటి రోజే పుట్టిన సంవత్సరం చక్రం తిప్పి 1999 దగ్గర ఆపేస్తారు. అంతే, కాపలా అంతా పోయింది. నా దగ్గరికి వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లల ఫోన్లలో ఇరవై అయిదేళ్లు దాటినవాళ్లే ఎక్కువ!

బతుకమ్మ ఆడుతున్న మా పిల్ల రీల్ పెట్టుకుంటే కూడా ప్రమాదమేనా?

బతుకమ్మతో ప్రమాదం లేదు. చుట్టూ ఏం కనిపిస్తోందన్నదే ప్రశ్న. ఇంటి గేటు మీది నంబర్, స్కూల్ బస్సు పేరు, యూనిఫామ్ మీది బ్యాడ్జి, "లొకేషన్: వడ్డేపల్లి" అని పెట్టిన ట్యాగు. ఇవన్నీ కలిస్తే తెలియనివాడికి ఆ పిల్ల ఏ స్కూల్లో చదువుతుందో, ఎన్నింటికి ఏ దారిన వస్తుందో అర్థమైపోతుంది. తొమ్మిది రోజుల్లో తొమ్మిది రీళ్లు పెడితే రోజూ సాయంత్రం ఏ గుడి ముందు ఉంటుందో కూడా. పెట్టాలనుకుంటే ఖాతా ప్రైవేట్‌గా ఉంచి, లొకేషన్ తీసేసి, ఇంటికొచ్చిన తర్వాత పెట్టమనండి.

అమ్మానాన్నలదీ ఇదే తప్పు. పదో తరగతి మార్కుల మెమో, హాల్ టికెట్ నంబర్‌తో సహా స్టేటస్‌లో పెట్టేస్తారు. సంతోషం అర్థమవుతుంది. కానీ ఆ మెమోలో పిల్లల పూర్తి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ ఉంటాయి. రేపు ఒకడు ఫోన్ చేసి ఇవన్నీ సరిగ్గా చదివి, "మీ అమ్మాయికి స్కాలర్‌షిప్ వచ్చింది, ఓటీపీ చెప్పండి" అంటే నమ్మకుండా ఎలా ఉంటారు?

వాట్సాప్‌లో ముందుగా ఏం మార్చాలి?

నాలుగు. ప్రొఫైల్ ఫోటో కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్లకే కనబడాలి. గ్రూపుల్లో చేర్చే వీలు కూడా వాళ్లకే ఉండాలి. తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా పెట్టాలి. టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే ఓటీపీతో పాటు మీరు పెట్టుకున్న పిన్ కూడా అడిగే తాళం, ఆన్ చేయాలి. అప్పుడప్పుడు "లింక్డ్ డివైసెస్" తెరిచి చూడండి. అక్కడ మీకు తెలియని కంప్యూటర్ పేరుంటే ఇంకెవరో కూర్చుని చదువుతున్నట్టే. వెంటనే లాగౌట్ కొట్టండి.

గేముల్లో డబ్బులు పోతున్నాయి. మా ఖాతా నుంచి ఎలా పోతాయి?

ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డో వేలిముద్రో అడగాలని పెట్టారా? వేలిముద్ర పెడితే అందులో పిల్లాడి వేలు కూడా నమోదై ఉందేమో చూడండి. నవ్వకండి, చాలా ఇళ్లలో ఉంటుంది.

రెండోది ఆటోపే. మొదటిసారి ఒక్కసారి యూపీఐ పిన్ కొట్టి ఒప్పుకుంటే, తర్వాత 15,000 రూపాయల లోపు మొత్తాలు మళ్లీ పిన్ అడగకుండానే కట్ అవుతాయి. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి, తెలియనివి రద్దు చేయండి. నెలనెలా 99, 149 పోతుంటే బ్యాంకు చార్జీలేమో అనుకుని వదిలేసినవాళ్లను చూశాను.

డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలు వేరే సంగతి. తెలంగాణలో పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని 2017లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. ఇప్పటికీ అలాంటి యాప్ పిల్లాడి ఫోన్లో కనిపించిందంటే అది ప్లే స్టోర్ నుంచి కాకుండా ఏదో లింకు ద్వారా దిగిన ఏపీకే ఫైలు, అంటే నేరుగా ఫోన్లో యాప్ వేసేసే ఫైలు, అయ్యుండే అవకాశమే ఎక్కువ. గేముల్లో వాడే "ఫ్రీ డైమండ్స్" ఇస్తామన్న ఫైళ్లూ, పెళ్లి పత్రిక పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లూ ఈ జాతివే. ఒక్కసారి వేశారంటే మీ మెసేజ్‌లు, అందులోని ఓటీపీలు చదివేస్తాయి. పెళ్లి పత్రిక ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఇన్‌స్టాల్ చేయమని అడిగే పెళ్లి పత్రిక ఎక్కడా ఉండదు.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు జారిపోతూ ఉంటుంది. ఫోన్ చేసేటప్పుడు యూపీఐ లావాదేవీ కింద ఉండే 12 అంకెల నంబర్, టైమ్, మీ బ్యాంకు పేరు దగ్గర పెట్టుకోండి.

ఎవడో ఫోటోలు పెట్టి బెదిరిస్తున్నాడని మా బిడ్డ ఏడుస్తోంది. ఇప్పుడేం చేయాలి?

ముందు ఆ బిడ్డతో అనాల్సిన మాట: "నువ్వు చెప్పినవ్, మంచి పని చేసినవ్. సెల్ గుంజుకోను." మిగతావన్నీ దీని తర్వాతే.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, నేను దీన్ని తప్పుగా చేశాను. మా పెద్దమ్మాయి ఎనిమిదిలో ఉండగా గేములో పరిచయమైన ఒకడు ఫోటో పంపమన్నాడట. పంపలేదు, వచ్చి నాకు చెప్పింది. నేనేం చేశాను? కోపం ఆపుకోలేక ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. గెలిచాననుకున్నా. నాలుగు నెలల తర్వాత వాడే ఇంకో పేరుతో వచ్చాడు. ఈసారి నాకు చెప్పలేదు. స్నేహితురాలి ఫోన్లో మాట్లాడుతూ, భయపడుతూ, చివరికి వాళ్ల మేనత్తకు చెప్పింది. "నాన్నకు చెప్తే సెల్ తీసుకుంటడు అత్తమ్మా" అందట. బెదిరించేవాడికి కూడా సరిగ్గా ఈ సంగతే తెలుసు. "మీ నాన్నకు చెప్తా" అన్నది వాడి చేతిలో కత్తి. ఆ కత్తికి పదును పెట్టింది నేనే.

ఇక చేయాల్సిన పనులు. డబ్బు పంపకండి. ఒక్కసారి రెండు వేలు వెళ్లాయంటే రేపు పది వేలు అడుగుతాడు. చాట్ చెరపకండి, అది సాక్ష్యం. వాడి ప్రొఫైల్, యూజర్ నేమ్, ఫోన్ నంబర్, డబ్బు అడిగిన యూపీఐ ఐడీ, బెదిరించిన మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసుకోండి. కానీ బిడ్డ అసభ్య ఫోటో ఏదైనా ఉంటే దాన్ని కాపీ చేసి చుట్టాలకు, వకీలుకు పంపకండి, అది మళ్లీ ఎక్కడికి పోతుందో మీ చేతుల్లో ఉండదు. ఫోను ఉన్నది ఉన్నట్టు పోలీసులకు చూపించండి. ఇవన్నీ తీసుకున్నాకే వాణ్ని బ్లాక్ చేయాలి.

ఫిర్యాదు 1930లో గానీ, సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ పోర్టల్‌లో గానీ ఇవ్వొచ్చు. పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లల మీద జరిగే నేరాలకు వేరే విభాగం ఉంది. పిల్లల అసభ్య దృశ్యాల గురించైతే పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లినా, ఆడవాళ్ల రక్షణ కోసం ఉన్న పోలీసుల షీ టీమ్‌కు చెప్పినా సరే. ఏ స్టేషన్ పరిధి అన్న టెన్షన్ వద్దు, జీరో ఎఫ్ఐఆర్ ఎక్కడైనా రాయాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 రాత్రి పగలు పలుకుతుంది.

18 లోపు వయసులో తీసిన ఫోటో బయటికి పోతుందన్న భయముంటే "టేక్ ఇట్ డౌన్" అని ఒక ఉచిత సేవ ఉంది, అమెరికాలో తప్పిపోయిన, వేధింపులకు గురైన పిల్లల కోసం పనిచేసే సంస్థ నడుపుతోంది. ఫోటో మీ ఫోన్లోంచి బయటికి పోదు. దాని నుంచి వేలిముద్ర లాంటి ఒక నంబర్ తయారై, అది మాత్రమే వెళ్తుంది. ఇందులో చేరిన కంపెనీలు ఆ నంబర్‌కు సరిపోయే ఫోటో తమ దగ్గర కనిపిస్తే తీసేస్తాయి.

ఇది ఆడపిల్లల సంగతే అనుకునేరు. అమ్మాయి పేరుతో వీడియో కాల్ చేసి, మగపిల్లల్ని రికార్డు చేసి, వాళ్ల ఫాలోయర్ల జాబితా చూపించి డబ్బు గుంజేవాళ్లు తక్కువేం కాదు. మగపిల్లలు ఇంకా ఆలస్యంగా చెప్తారు. తిండి మానేసి, ఫోను మోగితే ఉలిక్కిపడుతుంటే అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందని బిడ్డ నోట ఒక్క మాట వచ్చినా ఒంటరిగా వదలకండి, 14416కు, అంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు.

స్టేషన్‌కు పోతే పిల్ల పేరు బయటికి రాదా? పరువు పోతుందని మావాళ్లు వద్దంటున్నారు.

పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టంలో దీనికి జవాబు ఉంది. పిల్లల వాంగ్మూలం వాళ్ల ఇంట్లో గానీ, వాళ్లు కోరిన చోట గానీ తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్ఐకి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, ఆ సమయంలో యూనిఫామ్‌లో ఉండకూడదు. పిల్లల్ని రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఫోటో, చిరునామా, స్కూలు పేరు మీడియాలో బయటపెట్టడం నేరం. పిల్లలతో మాట్లాడటానికి వరంగల్‌లో భరోసా కేంద్రం కూడా ఉంది. ఇవన్నీ మీకు తెలుసని అవతలివాళ్లకు తెలిస్తే మాట తీరు కూడా మారుతుంది, అది నా అనుభవం.

ఫోటో అసలుది కాదు, ఏఐతో చేసింది. అప్పుడు?

మామూలు ఫోటో తీసుకుని బట్టలు లేనట్టు తయారుచేసేవి వచ్చాయి. బిడ్డ తప్పు ఇసుమంత కూడా లేదు. ఫిర్యాదు దారి మాత్రం అదే. ఆ ఫోటో ఉన్న కంపెనీకి కూడా రిపోర్ట్ కొట్టండి. ఇలా మార్ఫింగ్ చేసినవీ, నగ్న చిత్రాలూ ఫిర్యాదు అందిన 24 గంటల్లోపు తీసేయాలని 2021 ఐటీ నిబంధనలు గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో దాన్ని రెండు గంటలకు తగ్గించారు.

మా కాలనీ గ్రూపులో చిన్న పిల్ల వీడియో ఒకటి వచ్చింది. "వీణ్ని పట్టుకునే దాకా షేర్ చేయండి" అని రాశారు. పంపాలా?

పంపొద్దు. ఒక్కరికి కూడా. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ పిల్లల అసభ్య దృశ్యాన్ని పంపడం ఐటీ చట్టం 67బి కింద నేరం. మొదటిసారికే అయిదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా పడొచ్చు. ఉంచుకోవడం కూడా నేరం కావచ్చని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పోలీసులకు చెప్పి, గ్రూపు అడ్మిన్‌కు చెప్పి తీయించండి. వాట్సాప్‌లో వచ్చినవి దానంతటవే గ్యాలరీలో దిగకుండా ఆటో డౌన్‌లోడ్ కూడా ఆపేయండి.

పిల్లల చాట్లు దొంగచాటుగా చదవొచ్చా?

పదేళ్ల వాళ్లవి దొంగచాటుగా ఎందుకు, పక్కన కూర్చునే చూడండి. "ఈ ఫోను నాది, నీకు వాడుకోవడానికి ఇచ్చిన, వారానికోసారి ఇద్దరం కలిసి చూస్తం" అని ఇచ్చిన రోజే చెప్పేయాలి. పదిహేనేళ్ల పిల్లల ఫోన్లో గూఢచారి యాప్ వేయమని నన్ను అడిగేవాళ్లున్నారు. నేను వేయను. పిల్లలు కనిపెట్టేస్తారు, ఆ తర్వాత మీకు ఏదీ చెప్పరు. ప్రాణం మీదికి వచ్చిందన్న అనుమానముంటే అది వేరు, అప్పుడు మొహమాటం లేకుండా ఫోను తీసుకుని చూడాల్సిందే.

నేను దుబాయ్‌లో ఉన్నా. ఇంట్లో మా అమ్మ, పిల్లలే. ఇక్కడి నుంచి ఏం చేయగలను?

జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి వచ్చే ఫోన్లలో ఇదే కథ. నాన్నతో వీడియో కాల్ కోసమని కొన్న ఫోను, నాన్న డ్యూటీలో ఉన్నంతసేపూ పిల్లాడి చేతిలో. నానమ్మకు అది ఆన్ చేయడమే రాదు.

ఫ్యామిలీ లింక్‌కు దేశంతో పని లేదు, నెట్ ఉంటే దుబాయ్ నుంచే రాత్రి తొమ్మిదింటికి ఇంటి ఫోను ఆపొచ్చు. రెండు ఊళ్ల మధ్య గంటన్నర తేడా, అది లెక్కేసుకోండి. మాట్లాడటానికి వేసుకున్న యాప్‌లలో కొన్నింట్లో తెలియనివాళ్లతో కలిసే వాయిస్ రూములు కూడా ఉంటాయి. సెలవుకు వచ్చినప్పుడు ఒకసారి తెరిచి చూసుకోండి. నానమ్మకు ఒక్క పని అప్పజెప్పండి: పడుకునే ముందు ఫోను ఆమె తలగడ దగ్గర చార్జింగ్‌కు పెట్టాలి. ఏ సెట్టింగూ దీని ముందు నిలబడదు.

హాస్టల్లో ఉండే మావాడిని బ్యాంకు ఖాతా "అద్దెకు" అడుగుతున్నారట?

ఇవ్వొద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. మూడు నాలుగు వేల కమీషన్ ఆశ చూపి ఏటీఎం కార్డు, సిమ్ తీసుకుంటారు. ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బు అందులో పడుతుంది. ఎక్కడో వేరే రాష్ట్రంలో కేసు అవుతుంది, పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల దగ్గరికే. ఇప్పటికే ఇచ్చి ఉంటే బ్యాంకుకు రాసిచ్చి ఖాతా ఆపించి, మీరే వెళ్లి పోలీసులకు చెప్పండి.

నా పాత ఫోను పిల్లలకు ఇస్తున్నా. ఏమైనా చూసుకోవాలా?

ఫోన్లో ఉన్నవన్నీ చెరిగిపోయేలా ఫ్యాక్టరీ రీసెట్ చేసే ఇవ్వండి. యాప్‌లు డిలీట్ చేస్తే సరిపోదు. పద్దెనిమిది లోపు వాళ్లకు సిమ్ ఇవ్వరు కాబట్టి సిమ్ మీ పేరు మీదే ఉంటుంది, దాంతో ఏం జరిగినా ముందు అడిగేది మిమ్మల్నే. మీ పేరు మీద ఇంకెన్ని సిమ్‌లున్నాయో కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో చూసుకోవచ్చు. మీ బ్యాంకు నంబర్ ఉన్న సిమ్ మాత్రం ఆ ఫోన్లో వేయకండి.

మొన్న ఒకాయన నర్సంపేట నుంచి వచ్చాడు. కొడుకు చదువుకోవడానికని పాత ఫోను తుడిచి, కొత్త పౌచ్ వేసి, గ్లాసు అంటించమన్నాడు. గ్లాసు అంటించి ఆన్ చేస్తే, స్క్రీన్ మీద ఆయన యూపీఐ యాప్ తెరుచుకునే ఉంది. "అన్నా, ఇది కూడా పిల్లగానికేనా?" అన్నాను. ఫోను నా చేతిలోంచి తీసుకుని, మళ్లీ ఇచ్చి, "రీసెట్‌కు ఎంతసేపయితది?" అంటూ స్టూలు లాక్కున్నాడు.